ఎడమ పక్క పలకని హెడ్‌సెట్

పర్శరాములు మూడో హెడ్‌సెట్‌ను కూడా పెట్టెలో కుక్కి, ఆ పెట్టెను చంకలో ఇరికించుకుని పాత బస్టాండ్ దారి పట్టాడు. వెనకాల కూతురు సింధూజ. నెల రోజుల్లో ఇట్లా వాపసు ఇవ్వడానికి పోవడం మూడోసారి. శనివారం మిట్టమధ్యాహ్నం, ఎండ మాడు పగలగొడుతోంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు చూడండి, ఆయన చెవుల సంగతి అట్లా తయారైంది.

ఇంతకీ నలభై ఆరేళ్ల మనిషికి ఈ హెడ్‌సెట్ గోల ఎందుకంటారా? ఆయన ఇరవయ్యేళ్లు ముంబయి పక్కన భీవండిలో బతికాడు. పదిహేనేళ్లు మరమగ్గాల కార్ఖానాలో, ఆ తర్వాత ఐదేళ్లు గుడ్డ మూటలు మోసే టెంపో డ్రైవరుగా. సేటు టెంపో అమ్ముకోవడంతో ఉగాదికి సిద్దిపేట వచ్చి పడ్డాడు. ఒంట్లో రోగమంటూ ఏమీ లేదు గానీ మనిషి బాగా అలిసిపోయాడు. పొద్దున లేస్తూనే అలిసిపోయి లేచేవాడు.

సింధూజ హైదరాబాదులోని స్నేహితురాలి దగ్గర ఒక పాత స్టీరింగు, పెడళ్లు తెచ్చుకుని, కుట్టుమిషన్ బల్లకు బిగించి, కంప్యూటర్‌లో కార్ల పందాలు ఆడేది. ఒకనాడు "పట్టు బాపూ" అని ఊరికే చేతికిచ్చింది. అంతే, మళ్లీ ఆమెకు దక్కలేదు! ఆదివారం మూడు గంటలకు ఎక్కడెక్కడి వాళ్లో ఇరవై మంది ఆన్‌లైన్‌లో కలిసి పందెం వేస్తారు. పర్శరాములు ఆ ఇరవై మందిలో ఒకడయ్యాడు. ఎవడి మూటలూ మోయకుండా, ఎవడి తిట్లూ పడకుండా బండి నడపడం ఆయనకు జన్మలో అదే మొదలు. ఆ గంట సేపే ఆయన మొహంలో అలసట కనిపించేది కాదు.

పందెంలో అద్దాలు చూస్తూ కూర్చుంటే కుదరదు. పక్కన ఎవడొస్తున్నాడో, టైర్లు ఎప్పుడు జారబోతున్నాయో చెవితోనే పట్టాలి. స్పీకర్లు పెడితే గోడ అవతలి వాళ్లు ఊరుకోరు. అందుకే హెడ్‌సెట్. మొదటిది చెవులు మొత్తం మూసే మెత్తల రకం, ఆ ఉక్కలో చెవులు ఉడికిపోయాయి. రెండోది గాలాడే రకం, గాలితో పాటు కుక్కర్ కూతలూ టీవీ సీరియల్ ఏడుపులూ వచ్చాయి. మూడోది వైరు లేనిది, దాంట్లో చప్పుడు రెప్పపాటు ఆలస్యంగా వచ్చేది. ఈ తిప్పలు వేరు, అన్నింట్లోనూ ఉన్న లోటు ఒకటి వేరు. ఎడమ వైపు సరిగా పలకదు. ప్రతి ఆదివారం ఎవడో ఒకడు ఎడమ నుంచి వచ్చి గుద్దేవాడు.

"చప్పుడు లేకుండ వస్తున్నరే దొంగలు!" అని బల్ల గుద్దేవాడు.

ఇంట్లో అసలు ఆశ మాత్రం హెడ్‌సెట్ మీద లేదు, సోమవారం మీద ఉంది. గజ్వేల్ రోడ్డు మీద ఒక బడిలో బస్సు డ్రైవరుగా చేరాలి. అక్కడ బస్సులు చూసుకునే ఇస్తారి చిన్ననాటి జతగాడు, మాట సాయం చేశాడు. ఖాకీ చొక్కా కుట్టించుకున్నాడు, భార్య విజయరాణి ఇస్త్రీ చేసి దండెం మీద వేలాడదీసింది. ఈ పని నిలబడితే మళ్లీ భీవండి రైలెక్కే పని లేదు. ఇంకోసారి ఆ రైలెక్కే ఓపిక ఆయనలో లేదు.

దుకాణంలో పెట్టెను బల్ల మీద పడేశాడు.

"గిది గూడ ఎడమ దిక్కు పలుకుతలేదు. అన్నీ ఖరాబ్ మాలే అమ్ముతున్నవా ఏంది?"

రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూశారు.

"మెల్లగ బాపూ," అంది సింధూజ.

"నేను మెల్లగనే మాట్లాడుతున్న గద!"

భీవండి నుంచి వచ్చిన వాళ్లంతా అంతే, అరిచినట్టే మాట్లాడతారు. ఆ మగ్గాల హోరులో ఎవరి మాటా ఎవరికీ అందదు, చేతి సైగలతో, పెదాల కదలికలతో నెట్టుకొస్తారు. ఊరికొచ్చాక గొంతు అట్లాగే ఉండిపోతుంది. వాడకట్టులో అందరికీ అలవాటే, అది అనుమానించాల్సిన సంగతని ఎవరికీ తట్టలేదు.

దుకాణం నడిపే క్రాంతి ముప్పయ్యేళ్ల వాడు, ఓపిక గల మనిషి. కొత్త పెట్టె విప్పి, పర్శరాములు తలకు పెట్టి, తన ఫోన్‌కు తగిలించి చప్పుడు పెట్టాడు. పెట్టి ఆయన ఎడమ పక్కన నిలబడ్డాడు.

"ఎట్లున్నది కాకా?"

జవాబు లేదు. క్రాంతి ఎడమ డిప్పను చెవి మీంచి పక్కకు జరిపి మళ్లీ అడిగాడు.

"కాకా, ఎట్లున్నదంటున్న?"

పర్శరాములు తాపీగా గోడకున్న చార్జర్లు చూస్తున్నాడు. సింధూజకు అనుమానం వచ్చింది. ఆమె హెడ్‌సెట్ తీసి, అటుది ఇటు తిప్పి మళ్లీ పెట్టింది.

"ఇప్పుడు చెప్పు బాపూ."

"ఇంక గంతే. కుడి దిక్కు మంచిగున్నది, ఎడమ దిక్కు సచ్చింది. చూసినవా, నేను చెప్పలె?"

"బాపూ, నేను తిరగేసి పెట్టిన. ఇప్పుడు నీ ఎడమ చెవి మీద ఉన్నది దాని కుడి డిప్ప."

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికొకడు. పర్శరాములు మూడు మద్దెలలు మార్చాడు, నాలుగోదాని దగ్గర దొరికాడు. కార్ఖానాలో తన జాగా యాదికొచ్చింది. నాలుగు మగ్గాలు చూసేవాడు, నాలుగూ ఎడమ పక్కనే ఉండేవి. పదిహేనేళ్లు.

క్రాంతికి సంగతి అర్థమైంది. గొంతు తగ్గించి, ఈసారి కుడి పక్కకు వచ్చి చెప్పాడు. "మోనో అని ఉంటది కాకా. రెండు దిక్కుల చప్పుడు కలిపి ఒక్క చెవికే ఇస్తది."

"ఎవడు ఎటు నుంచి వస్తుండో తెలుస్తదా?"

"అది తెల్వది."

"మరి రోడ్డు మీద గూడ తెల్వదన్నట్టే గద," అన్నాడు పర్శరాములు. అరవకుండా అన్న మొదటి మాట అదే. హెడ్‌సెట్ వాపసు ఇచ్చేసి, క్రాంతి చేతిలో పెట్టిన మామూలు వైరు ఇయర్‌ఫోన్లు జేబులో వేసుకుని బయటపడ్డాడు.

ఇంటికొచ్చే సరికి విజయరాణి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. ఆమె చాట ఎత్తుకుని వచ్చి ఆయనకు కుడి పక్కన కూర్చుంది. ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. బస్సులో కుడి పక్క, తినేటప్పుడు కుడి పక్క, పడుకునేటప్పుడు కుడి పక్క. ఆయన ఆ సంగతి ఇవాళే చూశాడు.

"ఎప్పటి సంది ఎర్క నీకు?" అని అడిగాడు.

ఏమిటని ఆమె అడగలేదు. చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది.

"ఎనిమిదేండ్లాయె. దసరాకొచ్చినప్పుడు ఎడమ దిక్కు నుంచి నాలుగు మాట్ల పిలిచిన, పలకకపోతివి."

"మరి చెప్పద్దా?"

"చెప్తే మగ్గాలిడిచి వస్తవని భయపడ్డ. ఇంటి కిరాయి, పిల్ల సదువు ఎట్లెళ్తయి? ఒక్క చెవే గద అనుకున్న. నాదే పాపం." కళ్లు తుడుచుకుంది. "బస్సు పని అన్నప్పటి సంది చెప్దామనే చూస్తున్న. ఆ ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుంట గూడ నోరు రాలె."

పర్శరాములుకు కోపం వచ్చింది. అది నిలబడటానికి కూడా ఓపిక కావాలి, ఆ ఓపిక లేక పోయింది. "టెంపో ఐదేండ్లు నడిపిన, ఏం కాలె," అన్నాడు మొండిగా. అంటుండగానే, ఎడమ వైపు గీసుకుపోయిన రెండు బైకులు గుర్తొచ్చాయి. ఆ రోజుల్లో తప్పు బైకుల వాళ్లదే అనుకున్నాడు. మళ్లీ తనే అన్నాడు. "బస్సుకు తలుపు ఎడమ దిక్కే ఉంటది. పిల్లలు దిగేది, ఆగమని మొత్తుకునేది అటు దిక్కు నుంచే."

ముగ్గురూ కాసేపు దండెం మీది చొక్కాను చూశారు.

ఫోన్ కుడి చెవికి పెట్టుకుని ఇస్తారికి ఉన్నదున్నట్టు చెప్పాడు. అవతల ఇస్తారి అంతా విన్నాడు. చివరికి, "మంచి పని చేసినవ్ రా, ముందే చెప్పి. షెడ్డుల బస్సులు కడిగెటోడు కావాలె. జీతం సగమే. వస్తవా?" అన్నాడు.

డ్రైవరని వాడంతా చాటింపేసుకున్న వాడు బస్సులు కడగాలి. సిగ్గుతో మొహం మండింది. అయినా భీవండి కంటే షెడ్డు దగ్గర. "వస్త," అన్నాడు.

మర్నాడు ఆదివారం మూడు గంటలకు ఆయన స్టీరింగు దగ్గరికి పోలేదు. సింధూజ పిలిస్తే, "ఎవరితోనన్న గుద్దిచ్చుకునుడే గద, ఎందుకు బిడ్డా," అన్నాడు. అప్పుడు విజయరాణి చాట పక్కన పెట్టి లేచి, ఆయనను స్టీరింగు దగ్గర కూర్చోబెట్టింది. ఆయన జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీసి, సింధూజతో కంప్యూటర్‌కు పెట్టించి, ఒకటి ఆయన కుడి చెవిలో పెట్టింది. ఎడమ దిక్కుది తన చెవిలో పెట్టుకుంది. పీట లాక్కుని ఆయన ఎడమ పక్కన కూర్చుంది. ఎనిమిదేళ్లలో ఆమె అటు పక్క కూర్చోవడం అదే మొదలు.

"నాకు కార్ల గురించేం తెల్వది. చప్పుడైతే తడ్త, నువ్వు జరుగు," అంది ఆయన కుడి చెవి దిక్కు వంగి.

పందెం మొదలైంది. మూడో మలుపు దగ్గర పొగాకు వాసన వేసే ఆ చెయ్యి ఎడమ భుజం మీద రెండుసార్లు తట్టింది. పర్శరాములు కుడికి జరిగాడు. ఎర్ర కారొకటి ఎడమ పక్కనుంచి ఆయనను తాకకుండా దూసుకుపోయింది. "వచ్చిండా? నిజంగనే వచ్చిండా?" అని విజయరాణి చిన్నపిల్లలా అడిగింది. అది ఆయనకు వినబడలేదు. భుజం మీద ఆమె చెయ్యి మాత్రం తెలుస్తోంది, కళ్లల్లో నీళ్లు నిండి రోడ్డు మసకగా కనిపిస్తోంది. ఆ రోజు ఇరవై మందిలో పదహారోవాడిగా వచ్చాడు. ఎవరూ గుద్దలేదు.