కన్నారావు తాత వదినైన రోజు

మా నానమ్మ లక్ష్మీనరసమ్మకు కంప్యూటర్ ముట్టుకోవడం రాదు. అయినా నేను రాసిన ప్రోగ్రామ్‌లో తప్పెక్కడుందో నాకన్నా ముందు ఆవిడే చెప్పింది. అప్పుడు నాకు ఒళ్లు మండిన మాట నిజం.

అది 2021 జూలై. మా బర్మాలో ఫిబ్రవరిలోనే సైన్యం గద్దెనెక్కింది, ఊరంతా రోడ్డెక్కింది. మేం రాంగూన్‌లోని తామ్వే పేటలో మా వరండాలోనే నిలబడి నిరసనగా గిన్నెలు వాయించాం. నానమ్మ ఎంత గట్టిగా వాయించిందంటే, మా పెద్ద ఇత్తడి తపేలా ఇప్పటికీ నేలమీద సరిగా కూర్చోదు. నేను పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసు మూతపడింది. ఇంటర్నెట్ ఒక పూట ఉంటే ఒక పూట ఉండేది కాదు. అది చాలదన్నట్టు కోవిడ్ మళ్లీ వచ్చి, ఎవరింట్లో వాళ్లని కూర్చోబెట్టింది. రాంగూన్‌లో వాకిలికి తెల్లగుడ్డ కడితే ఆ ఇంటికి అన్నం కావాలని, పసుపు గుడ్డ కడితే మందులు కావాలని అర్థం. వీధుల్లో గుడ్డలు చాలానే కనిపించాయి. మన తెలుగువాళ్ల ఇళ్లకు మాత్రం ఒక్కటీ లేదు.

అందరూ దుక్కల్లా ఉన్నారని కాదు. సిగ్గు.

అందరికన్నా మా దిగులంతా కన్నారావు తాత గురించి. పబేడాన్ పేటలో మూడో అంతస్తులో ఒక్కడే ఉంటాడు. నలభై ఏళ్లుగా మనవాళ్ల పెళ్లిళ్లకీ, గుడి సంతర్పణలకీ ఆయనే వంటమేస్త్రి. జ్వరం తగ్గి మూడు వారాలైంది, రోగం పోయింది, ఆకలి కూడా దాంతోనే పోయింది. రెండు బిస్కెట్లు, ఇన్ని టీ నీళ్లు. అంతే ఆయన భోజనం. నానమ్మ రెండుసార్లు క్యారేజీ పంపితే రెండుసార్లూ తిప్పి పంపాడు. ఈ ఊళ్లో మేడల మీదివాళ్లు వీధిలోకి తాడు వేలాడదీసి, కూరగాయలూ పేపరూ దానికి కట్టించుకుని పైకి లాక్కుంటారు కదా, తాత ఆ తాడు కూడా పైకి చుట్టేసుకున్నాడు.

"నా సేత్తో పెట్టగా తిన్నోళ్లే గానీ, నాకు పెట్టినోళ్లు నేరు. ఇప్పుడు కొత్తగా అలవాటు సేసుకోమంతారేటి?" అన్నాడు ఫోన్లో.

"ఆడు అలాగే ఉంటే పది రోజులు బతకడే," అంది నానమ్మ. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ మాట మెల్లగా అంది. అందుకే నాకు భయం వేసింది.

నాకు వచ్చిన విద్య ఒక్కటే. అన్నం పంపడానికి ఒక వెబ్ అప్లికేషన్ కట్టడం మొదలుపెట్టాను. జాంగో అనే ఫ్రేమ్‌వర్క్, అంటే సగం పని ముందే చేసిపెట్టిన చట్రం, వాడాను. దాంట్లో ఉన్న సుఖం ఏమిటంటే, డేటాబేస్‌తో డేటాబేస్ భాషలో మాట్లాడక్కర్లేదు. 'ఇల్లు' అని ఒక మోడల్ రాసి, దానికి పేరు, ఫోను, వీధి ఉంటాయని చెబితే, పట్టికలూ గడులూ అదే తయారుచేసుకుంటుంది. ఏ ఇంటికి ఏ ఇంటితో సంబంధమో ఒక్క వరుసలో చెబితే, మధ్యలో ఇంకో పట్టిక కావాలని కూడా దానికే తెలుస్తుంది. నేను దర్జాగా రెండు మోడల్స్ రాశాను. ఒకటి అన్నం ఇచ్చేవాళ్లు, రెండోది తీసుకునేవాళ్లు. మా తెలుగు సంఘంవాళ్లందరికీ లింకు పంపాను.

వారం తిరిగేసరికి ఇచ్చేవాళ్ల పట్టికలో నలభై ఒక్క ఇళ్లు, తీసుకునేవాళ్ల పట్టికలో సున్నా. పస్తున్నట్టు నాకు ఖాయంగా తెలిసిన నాలుగిళ్లవాళ్లు కూడా ఇచ్చేవాళ్లలోనే రాయించుకున్నారు.

నానమ్మ నా భుజం మీదుగా తెర చూసి, "ఏటే మల్లీ, అడుక్కుంటామని ఎవులైనా పేరు రాయించుకుంతారేటే?" అంది. "ఎవులికి ఏటి గావాలని అడక్కు. ఎవులికి ఎవులేటవుతారో అడుగు. వదిన కూడు పంపితే తినాల గానీ అది దానవేటి?"

అదీ ఆవిడ పట్టిన తప్పు. ఒక గంట మొహం ముడుచుకుని కూర్చున్నాను. తరవాత రెండు పట్టికలూ తీసేసి, ఒక్క 'ఇల్లు' మోడల్ ఉంచి, దాన్ని దానికే ముడిపెట్టాను. ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటికి అన్నం, ఫలానా వరస. జ్వరం ఉన్న ఇంటివాళ్లు వండకూడదు కాబట్టి దానికొక గడి. నానమ్మ వరసలు చెబుతూ ఉంటే నేను ఎక్కించాను. ఎవరి అత్త ఎవరి మేనకోడలో, ఎవరి తాత ఎవరికి బావో, పుస్తకం లేకుండా రెండు రోజులు చెప్పింది. పొద్దున్నే ఎవరి మెసేజ్ వాళ్ల ఫోనుకి వెళ్లాలి, మోహనకృష్ణ తన పికప్ బండిలో క్యారేజీలు తిప్పాలి. మోహనకృష్ణ ఊరి చివర లైంగ్‌థార్యార్ పేటలో గార్మెంటు ఫ్యాక్టరీ సరుకు తోలేవాడు, ఫ్యాక్టరీ మూసేశాక ఖాళీగా ఉన్నాడు. జాబితాలో వరసలు ఉండటం ఇంకో రకంగానూ కలిసొచ్చింది. దారిలో ప్రతి జాబితానూ అనుమానించే సిపాయిలు ఆపి కాగితం చూస్తే పెళ్లివారి జాబితా అని చెప్పుకోవచ్చు.

పంపేముందు పరీక్ష కూడా చేశాను. నానమ్మకూ వెంకమ్మ గారికీ తోడికోడళ్ల వరస. ఇటునుంచి చూస్తే తోడికోడలు, అటునుంచి చూసినా తోడికోడలు. భేషుగ్గా ఉంది. వియ్యంకులతో చూశాను, అదీ భేషుగ్గానే ఉంది. సంతోషంగా బటన్ నొక్కాను.

మర్నాడు ఏడున్నరకు ఫోన్ మోగింది. కన్నారావు తాత. జ్వరం పడ్డాక ఆయనంతట ఆయన చేసిన మొదటి ఫోను.

"ఏటే గుంటా! నాను ఎవులికి వదిన్నే?"

నాకు అర్థం కాలేదు. మెసేజ్ చదివి వినిపించాడు. 'వదిన వరసైన మీ ఇంటి నుంచి లక్ష్మీనరసమ్మ గారింటికి ఈ రోజు భోజనం పంపగలరు.'

అప్పుడు వెలిగింది. ఒక మోడల్‌ని దానికే ముడిపెడితే, వద్దని మనం చెప్పనంతవరకూ, ఆ ముడి రెండువైపులా సమానమనే జాంగో అనుకుంటుంది. నానమ్మ తాతకు వదిన అని రాస్తే, తాత కూడా నానమ్మకు వదిన అని అదే ఇంకో వరుస రాసేసుకుంది. తోడికోడళ్లతోనూ వియ్యంకులతోనూ పరీక్ష చేసిన మొనగత్తెకు ఇది ఎలా దొరుకుతుంది? డెబ్బై ఏళ్ల మీసాల మనిషిని వదినని చేశాను. ఊళ్లో ఇంకెంతమంది మేనల్లుళ్లు ఆ పూట మేనత్తలయ్యారో!

"తప్పైపోయింది తాతా, ఇప్పుడే సరిచేస్తాను."

"ఆ సంగతి తరవాత సూద్దాం. కూడు పంపమన్నావు గదా, ఏటి పంపాల?"

 నానమ్మ చటుక్కున ఫోన్ లాక్కుని, "సారు పంపు మరిదీ. నీ సారు తిని ఏడాదైంది," అంది.

పదకొండింటికి మోహనకృష్ణ పబేడాన్ నుంచి ఫోన్ చేశాడు. బర్మావాళ్లలాగే ఆడవాళ్ల పేరు ముందు మర్యాదకు 'మ' చేర్చి పిలుస్తాడు. "మ మల్లిక, తాడు కిందకొచ్చిందమ్మా! దానికి గిన్నె కట్టుంది. గిన్నె ఇప్పుకున్నాను, మన క్యారేజీ కట్టినాను. సప్పుడు సెయ్యకుండా పైకి లాక్కున్నాడు. యబాడే, పర్లేదు, బండి ఎల్లేటప్పుడు ఎంత బరువో వచ్చేటప్పుడూ అంతే ఉంది. ప్రతి ఇల్లూ ఏదో ఒకటి ఇచ్చింది."

చారు వేడిగా లేదు గానీ, ఇంగువ వాసన మెట్ల మీదే వచ్చింది. నానమ్మ రెండుసార్లు పోసుకుంది.

మూడు రోజులు అలాగే నడిచింది. నాకు మాత్రం మనసొప్పలేదు. తప్పు తప్పే కదా. నాలుగో రోజు తెల్లారకముందే కోడ్‌లో ఒక్క మాట మార్చి, ముడి ఒకవైపుకే ఉండేలా సరిచేశాను. జాబితా ఎంత శుభ్రంగా వచ్చిందో! వదినలు వదినలుగా, మరుదులు మరుదులుగా. నన్ను నేనే మెచ్చుకుని టీ పెట్టుకున్నాను.

పదకొండింటికి ఫోను. "తాడు రానేదు," అన్నాడు మోహనకృష్ణ. "పిలిసినా పలకట్లేదు. పొద్దున్నించీ నా ఫోనుకి మెసేజ్ రానేదు, నానెందుకు తినాలి అన్నాడంట కింద టీ కొట్టాయనతో."

టీ నా చేతిలోనే చల్లారిపోయింది. మళ్లీ రెండు పట్టికలు చేసింది నేనే. పేర్లు మార్చి, వరసలు తగిలించి, ఒకవైపు ఇచ్చేవాళ్లని, ఒకవైపు తీసుకునేవాళ్లని కూర్చోబెట్టాను. ఆ రెండో వైపు కూర్చోవడానికి ఆయన ఒప్పుకోడని తెలిసి తెలిసి. సిగ్గేసింది.

పరుగెత్తి ముడిని మళ్లీ రెండువైపులకీ మార్చాను. వరస పేరు మాత్రం ఏ వైపుది ఆ వైపుకి వేరుగా రాశాను. తరవాత ఫోన్ చేశాను. ఆరోసారికి ఎత్తాడు.

"తాతా, తప్పు నాది. నిన్ను జాబితాలోంచి తీసేశాను. మళ్లీ పెట్టాను. ఈ పూట నీ వంతు ఉంది. పప్పుచారు."

తాత గొంతు సవరించుకున్నాడు.  "వదినగానా, మరిదిగానా?"

"మరిదిగానే."

"ముందుగా సెప్పొద్దేటి, పప్పు ఉడకడానికి టైం పడతాది. ఆ బండాయన్ని ఉండమను."

మోహనకృష్ణ ఎండలో గంటసేపు ఉన్నాడు. తాడు కిందికి వచ్చిందని చెప్పగానే నాకు ఏడుపొచ్చింది. ఫోను దూరంగా పట్టుకుని ముక్కు చీదుకున్నాను.

ఒంటిగంట దాటాక తాతే ఫోన్ చేశాడు. నోట్లో ముద్ద ఉండగానే మాట్లాడుతున్నాడు. "మీ నానమ్మకు సెప్పు, వంకాయ కూరలో ఉప్పు సాలనేదు."

నేను ఆ మాట నానమ్మకు చేరవేశాను. ఆవిడ కళ్లు కొంగుతో తుడుచుకుని, ఫోను దగ్గరికి వంగి అరిచింది. "సాలకపోతే రేపు నువ్వే వచ్చి వెయ్యి!"

"వస్తాను," అన్నాడు తాత. "ఏటి, రాననుకున్నావా?"