తోటమాలి దగ్గు

గోంగూర పచ్చడి ఎట్లా నూరాలో చెప్పిన వీడియో అయిపోగానే రాధాకుమారి ఫోను తనంతట తానే ఇంగ్లండు పోయింది. యాభై ఏళ్ల కిందటి డిటెక్టివ్ సీరియలు అది. ఏదో నవలని టీవీకి తీశారట. వెలిసిపోయిన రంగుల్లో పొడుగాటి మనిషి ఒకడు, గొడుగు చంకలో పెట్టుకుని వానలో తడుస్తూ నడుస్తున్నాడు. చేతులకి పచ్చడి ఉంది కాబట్టి రాధాకుమారి ఆపలేకపోయింది. మంచం మీద కూర్చున్న మామ గురుస్వామి ఆపనివ్వలేదు.

"గొడుగు చంకలో పెట్టుకోని తడుస్తుండాడే, వీడేం డిటెక్టివమ్మా?" అన్నాడాయన.

అట్లా మొదలైంది. మామకి ఇంగ్లీషు రాదు. రాధాకుమారి మార్కాపురం కాలేజీలో బీయే చదివింది. ఇన్నేళ్లకి ఆ చదువు ఒక మనిషికి పనికొచ్చింది. బొమ్మ కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి ఆయనకి తెలుగులో చెప్పేది. మామ ముందు కోడలు కూర్చోకూడదని మొదట్లో గడప దగ్గర నిలబడే చెప్పింది. మూడో హత్య నాటికి మంచం పక్కన పీట వేసుకుంది.

పక్కింటి పుల్లమ్మ తొంగిచూసి, "ఏంది రాధా, మామకి పురాణం చదువుతుండావా?" అంది.

"అవునత్తా. ఈ పూట విషం పెట్టి చంపే ఘట్టం. రా, కూచో."

పుల్లమ్మ రాలేదు.

వీడియో కింద దేశదేశాల వాళ్లు అభిప్రాయాలు రాసేవాళ్లు. నవలలో ఉండేది చేతికర్ర, గొడుగు కాదని ఒకరు. గొడుగే బాగుందని ఇంకొకరు. ఈ మధ్య తీసిన కొత్త సీరియల్లో నటుడు ఈయన కాలిగోటికి చాలడని ఒక పెద్దాయన, దాని కింద పెద్ద కొట్లాట. రాధాకుమారి అవీ చదివి వినిపించేది.

"మరి మన మాట రాయవా?" అన్నాడు మామ.

అప్పట్నుంచి ఆయన చెప్పడం, ఆమె ఇంగ్లీషులో రాయడం. అంత పెద్ద ఇంట్లో ఇద్దరే ఉంటే ఒకర్నొకరు చంపుకోక ఏం చేస్తారని ఒకసారి. హత్య గురించి మాట్లాడేది టీ పోసుకున్నాకనే, మరి టీ చల్లారిపోదా అని ఇంకోసారి. ఆ టీ మాటకి ఇంగ్లండు నుంచి ఎవరో నవ్వు బొమ్మలు పెడితే, గురుస్వామి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

తర్వాత వచ్చిన కథ రెండు భాగాలు. పెద్ద ఇల్లు, మేడమీద గదిలో ఇంటావిడ చచ్చిపడి ఉంది. కింద తోటలో ముసలి తోటమాలి పార పట్టుకుని, వంగిపోయి దగ్గుతున్నాడు.

"ఆపు," అన్నాడు గురుస్వామి. "మళ్ళా పెట్టు."

మళ్ళీ పెట్టింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"ఇది మనోళ్ల దగ్గేనమ్మా. పలక దుమ్ము మింగినోడి దగ్గు. వీడు మేడెక్కలేడు. అందరూ కలిసి వీడి మీద పెడతారు చూడు, కానీ చేసింది వీడు కాదు."

"యాక్టరు గద మామా, దగ్గమంటే దగ్గుతాడు."

"నటిస్తే ఇట్ల రాదు."

ఆ మాట దగ్గర ఆయన గొంతు మారింది. ఎందుకో రాధాకుమారికి తెలుసు. ఆయన పలకల ఫ్యాక్టరీలో కటింగ్ మిషన్ మీద పనిచేసే రోజుల్లో, దగ్గు ముదిరి, బయట పని ఏదైనా ఇప్పించమని అడిగాడు. మేనేజరు అందరి ముందూ, "ఏం నటిస్తుండావు గురుస్వామీ! ఏదీ, ఆఫీసు మెట్లెక్కి చూపించు," అన్నాడు. ఎక్కలేనని అందరిలో చెప్పడానికి సిగ్గేసి, గురుస్వామి ఆగకుండా పైదాకా ఎక్కేశాడు. "చూసినారా, గుండ్రాయి మాదిరి ఉండాడు," అన్నాడు మేనేజరు. కిందికి దిగి లారీ వెనక చేరినవాడు సాయంత్రం దాకా లేవలేదు. మర్నాడు మళ్ళీ మిషన్ మీదికే పోయాడు. ఈ సంగతి కొడుకు ఏడుకొండలుకి కూడా చెప్పుకోలేదు. ఆయన భార్య, అంటే రాధాకుమారి అత్త, తను పోయేముందు కోడలి చెవిన వేసింది.

రెండో భాగం రేపు చూద్దామనుకున్నారు. హంతకుడెవరో ముందే తెలిస్తే గానీ రాధాకుమారికి అంట్లు తోమబుద్ధి కాదు. ఆ సాయంత్రం రెండో భాగం కింద అభిప్రాయాలు తెరిచింది. అన్నిటికన్నా పైన ఉన్నది ఇది: "టీవీలో ఇంత దొంగదగ్గు నేనెప్పుడూ వినలేదు. మొదటి దగ్గుకే తోటమాలి హంతకుడని తెలిసిపోయింది." దాని కింద ఇంకొకరు: "మెట్లెక్కలేనని అందరినీ నమ్మించడానికే కదా ఆ దగ్గంతా." ఆ కింద వరసగా నవ్వు బొమ్మలు.

ఫోను బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టి చాలాసేపు అంట్లు తోమింది. తోమినవి కూడా తోమింది.

మర్నాడు నెట్ రావడంలేదంది. ఆ మర్నాడు ఛార్జింగ్ లేదంది. "నా ఫోన్ తీసుకో," అన్న మొగుణ్ణి కళ్లతోనే నోరు మూయించింది. ఈలోపు గురుస్వామికి ఊపిరి బొత్తిగా అందకుండా పోయింది. ఆస్పత్రిలో చూసి, ఇక ఇంటికాడే ఉంచుకోండి అన్నారు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ వచ్చి చేరింది. మాట ముక్కలుముక్కలుగా వచ్చేది. ఆ ముక్కల్లో కూడా ఆయన అడిగేది ఒకటే.

"తోటమాలి... ఏమైనాడు?"

ఇక పెట్టక తప్పలేదు.

గొడుగాయన అందరినీ హాల్లో కూర్చోబెట్టి జరిగింది చెప్పడం మొదలుపెట్టాడు. తోటమాలి మేడమెట్లు చకచకా ఎక్కడం చూపించారు. దగ్గు లేదు, ఆయాసం లేదు.

గురుస్వామి చెయ్యెత్తాడు. "ఎక్కుతుండాడే?"

"అది జరిగింది కాదు మామా. గొడుగాయన అట్ల అనుకుంటుండాడు. తప్పుగా."

"తప్పేనా?"

"తప్పే. ఇప్పుడు తెలిసొచ్చింది ఆయనకి. అదిగో, పొయ్యి పక్కన నిలబడినాడే ప్లీడరు, వాడే చేసింది."

ప్లీడరు ఏ పాపమూ ఎరగని మొహంతో టీ తాగుతున్నాడు. ఒక అమాయకుడి మీద హత్య మోపడం రాధాకుమారికి అదే మొదలు.

"మరి... పట్టుకోలేదే వాణ్ణి?"

"ప్లీడర్లని యాడ పట్టుకుంటారు మామా!"

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు, దగ్గు వచ్చింది. రాధాకుమారి వీపు నిమిరి, దిండు ఎత్తు చేసి, మూతి తుడిచేసరికి తెరమీద ఇద్దరు పోలీసులు తోటమాలి చేతులకి బేడీలు వేస్తున్నారు.

"యాడికి... తీసకపోతుండారు?"

"ఆస్పత్రికి."

"చేతులు... కట్టేసినారు?"

"పడిపోకుండా మామా. నడవలేడు గద."

బొమ్మ కింద 'అవును, నేనే చంపాను' అన్న అక్షరాలు వచ్చి పోయాయి. ఆమె చదవలేదు. గురుస్వామి తెర వైపు చూడ్డం మానేసి కోడలి మొహంలోకి చూశాడు. ఆమె ఫోను వైపే చూస్తూ ఉండిపోయింది.

"మంచోళ్లే," అన్నాడు చివరికి. "మెట్లెక్కి... చూపించమనలేదు." కొంచెం ఊపిరి కూడదీసుకుని, "రాయి," అన్నాడు.

ఒక్కో ముక్కా ఆగి ఆగి చెప్పాడు. ఆమె రాసింది. 'తోటమాలి దగ్గు నటన కాదు. అతను మేడ ఎక్కలేదు. నేను పలకల ఫ్యాక్టరీలో పనిచేసినవాణ్ణి.' ఎప్పుడూ అడగనివాడు, ఈసారి పేరు కూడా పెట్టమన్నాడు. 'గురుస్వామి, మార్కాపురం' అని పెట్టింది.

"ఎవరన్నా... ఏమన్నా అన్నారా?" అని తెల్లారి ఒకసారి అడిగాడు. మధ్యాహ్నం ఇంకోసారి. ఎవరూ ఏమీ అనలేదు. ఆ వారం దాటకుండానే పోయాడు.

పెద్దకర్మ అయ్యి, చుట్టాలు వెళ్లిపోయాక ఫోను మోగడం మొదలుపెట్టింది. ఎన్నాళ్లకో గురుస్వామి మాట లోకం కంట పడింది. 'నిద్రపోతూ చూశారా?' అని ఒకరు. 'ఈయన చూసింది వేరే సీరియలు' అని ఇంకొకరు. ఎవరో పెద్దావిడ మాత్రం మర్యాదగా రాసింది: 'గురుస్వామి గారూ, చివరి భాగం మీకు సరిగా రాలేదేమో. తోటమాలి తన నోటితోనే ఒప్పుకుంటాడు. దయచేసి ఇంకోసారి చూడండి.'

ఏడుకొండలు భుజం మీదినుంచి తొంగిచూశాడు. ఇంగ్లీషు చదవడం రాకపోయినా నవ్వు బొమ్మలు తెలుస్తాయి.

"నాయన పేరు కింద ఏంది ఈ నవ్వులు? తీసెయ్ రాధా. పోయినోణ్ణి గూడా వదలరా వీళ్లు?"

ఒక్క నొక్కు నొక్కితే పోతుంది. రాధాకుమారి నొక్కలేదు. పెద్దావిడ మాట కింద రాసింది: 'అమ్మా, మా మామ చివరిదాకా చూశారు. తోటమాలి దగ్గు నిజమే. పక్కన నేనున్నాను.'

పంపిన కాసేపటికి ఎవరో దానికీ ఒక నవ్వు బొమ్మ పెట్టారు. రాధాకుమారి కొంగుతో కళ్లు తుడుచుకుని, వాడికీ జవాబు రాయడానికి కూర్చుంది.