సెకనుకొక బుడగ

నాది మంటలార్పే సిలిండర్లలో గ్యాసు నింపే దుకాణం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. నింపిన ప్రతి సిలిండరునూ నీళ్ల తొట్టిలో ముంచి చూస్తాం. బుడగ పైకొచ్చిందంటే లీకున్నట్టే, వెంటనే బిగించాలి. బుడగ కనిపిస్తే చాలు, నా చెయ్యి నన్నడగకుండానే పానా అందుకుంటుంది. నా కోపం కూడా అంతే, నన్నడిగి రాదు. అందుకే మా అక్క నన్ను చిటపట అని పిలుస్తుంది.

మా బావ, అంటే అక్క మొగుడు, కూరగాయల మార్కెట్లో వేలం పాడేవాడు. ఆయన గొంతెత్తితే గేటు బయట లారీల్లో పడుకున్న డ్రైవర్లు లేచి కూర్చునేవాళ్లు. ఆ గొంతులోనే పుండు లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు డాక్టర్లు. ఆస్పత్రిలో చేరే ముందు ఇంటి తాళంచెవి, ఒక నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు బావ.

"బామ్మర్దీ, మూడు వారాలు నా తొట్టి నీదే. ఇందులో రాసినట్టు చెయ్యి చాలు. సొంత తెలివి మాత్రం వాడకు."

ఆయన నోటి నుంచి నేను విన్న ఆఖరి మాట అదే.

తొట్టి అంటే ముందుగదిలో నాలుగడుగుల గాజు తొట్టి. అందులో గోరంత చేపలు ఓ పాతిక. మిగతాదంతా మొక్కలే, ఎర్రవీ పచ్చవీ, నీళ్లలో మునిగిపోయి పెరిగేవి. పక్కనే నా దుకాణంలో నింపిన బుల్లి సిలిండరు. ఏడాదికి రెండుసార్లు నింపించుకునేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. చేపలకేదో సరదా అనుకునేవాణ్ణి.

నోటుబుక్కులో లైటుకో పేజీ, ఎరువుకో పేజీ, చేపల మేతకో పేజీ ఉన్నాయి. నాలుగో పేజీ మీద 'గ్యాసు' అని ఉంది. గ్యాసుతో ఇరవై ఆరేళ్లు కాపురం చేసినవాడికి గ్యాసు గురించి పాఠమా! తాతకు దగ్గులు నేర్పినట్టుంది అనుకుని ఆ పేజీ తిప్పేశాను.

రెండో రోజు పొద్దున, సిలిండరు పక్కన నీళ్లు నింపిన చిన్న గాజు గొట్టంలోంచి ఒకదాని వెనక ఒకటి బుడగలు పైకి పోవడం చూశాను. చెయ్యి దానంతటదే వెళ్లి మర బిగించేసింది. బుడగలు ఆగిపోయాయి. 'మా బావ ఇంట్లో లీకు పట్టేశాను' అని దుకాణంలో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఆపరేషను బాగానే జరిగింది. ఇప్పుడు బావ మెడ కింది భాగంలో ఒక రంధ్రం ఉంది. ఇక జీవితాంతం ఊపిరి అక్కణ్ణుంచే. దాన్ని రోజూ శుభ్రం చెయ్యడం ఇంట్లోవాళ్లు నేర్చుకోవాలని నర్సు అక్కకు చెప్పింది. బావ ఒప్పుకుంటేగా! అక్క దగ్గరకెళితే చాలు, రుమాలు మెడకు బిగించి పట్టుకుని గోడవైపు తిరిగిపోయేవాడు.

"ఇంటికెళ్లాక నర్సెక్కడుంటుందిరా?" వరండాలో అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "శుభ్రం చెయ్యకపోతే మూసుకుపోతుందట. ముప్ఫై ఏళ్లు కాపురం చేసినదాన్ని, నన్ను కూడా చూడనివ్వకపోతే నేనేం చెయ్యను?"

అక్కను బెంచీ మీద కూర్చోబెట్టాను. లోపలికెళితే బావ పలక మీద ఒక్క మాట రాసి చూపించాడు. 'మొక్కలు?'

"దివ్యంగా ఉన్నాయి బావా," అన్నాను.

పచ్చి అబద్ధం. ఆకులు పాలిపోయాయి. కొత్త చిగుళ్లు గిడసబారాయి. గాజు నిండా పాచి పట్టింది. ఆకలేమో పాపం అని నేను ఎరువు రెండు మూతలు ఎక్కువ పోస్తే, పాచి ఇంకా రెచ్చిపోయింది. బావ ఇంటికి రావడానికి మూడు రోజులే ఉన్నాయి. ఆయన మనసు పెట్టి అడిగేది లోకంలో ఇదొక్కటే, దాన్ని కాస్తా నేను తగలబెట్టాను. అప్పుడు సిగ్గు చంపుకుని నాలుగో పేజీ తీశాను.

'బామ్మర్దీ, నువ్వు ఈ పేజీ చదవవని తెలుసు. మొక్కను ఎండబెట్టి తూస్తే సగానికి కాస్త తక్కువ కర్బనమే. అది ఇసకలోంచి రాదు, ఎరువులోంచి రాదు. నీ సిలిండర్లో కార్బన్ డయాక్సైడ్ గ్యాసే నీళ్లలో కరిగి, వెలుతురు తగిలి, ఆకవుతుంది. అదే వాటికి అన్నం. ఎరువు ఉప్పులాంటిది. అన్నం మానేసి ఉప్పు పెడితే పాచికి పండగ. సెకనుకొక బుడగ. తగ్గితే మొక్కకి ఆకలి, మరీ పెరిగితే చేపకి ఊపిరాడదు.'

స్టూలు మీద కూలబడ్డాను. ఇన్నేళ్లూ ఆ గ్యాసును మంటల మీదకు వదిలాను. మంట పీక నులమడం తప్ప దానికి ఇంకో పని లేదనుకున్నాను. అదే గ్యాసు ఇక్కడ ఆకవుతోందా? కంటికి కనపడనిది, గుప్పిట్లో నిలవనిది, కాండమై, వేరై, ఎర్రటి చిగురై నా ఎదురుగా నిలబడి ఉందా? దుకాణంలో ఎన్ని వేల సిలిండర్లు నింపానో, అందులో ఉన్నదేమిటో ఒక్కరోజు కూడా తెలియలేదు నాకు. చెప్పుకుంటే నవ్వుతారు గానీ, లేచి ఆ బుల్లి సిలిండరుకు దణ్ణం పెట్టాను.

మర వెంట్రుకవాసి తిప్పాను. గడియారం చూస్తూ లెక్కపెట్టాను. సెకనుకొకటి. పాత టూత్‌బ్రష్షుతో పాచి గీకాను, సగం నీళ్లు మార్చాను. దుకాణానికి తాళమేసి రెండు రోజులూ అక్కడే ఉన్నాను.

మూడో రోజు పొద్దున బావ వచ్చాడు. మెడకు రుమాలు అలాగే ఉంది. నేరుగా తొట్టి దగ్గరకెళ్లి నిలబడ్డాడు. పాలిపోయిన ఆకుల్నీ, నన్నూ మార్చి మార్చి చూసి పలక అందుకున్నాడు. 'ఏం చేశావ్?'

తప్పు నాదని ఒప్పుకోవడం నా ఒంట్లో లేదు. అయినా చెప్పేశాను. "బుడగలొస్తుంటే లీకనుకున్నాను బావా. బిగించేశాను. రెండు వారాలు మాడ్చేశాను వాటిని."

బావ భుజాలు అదరడం మొదలైంది. వంటింట్లోంచి అక్క పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ? ఊపిరాడట్లేదా? ఒరేయ్ చిటపటా, ఏం చేశావురా ఆయన్ని?"

ఊపిరాడకపోవడం కాదు. బావ నవ్వుతున్నాడు. చప్పుడు లేదు, రుమాలు మాత్రం ఎగిరెగిరి పడుతోంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. 'లీకు' అని పలక మీద రాసి అక్కకు చూపించి మళ్లీ నవ్వాడు. అక్క నేల మీద చతికిలబడి ఏడ్చింది. చాలా రోజుల తర్వాత సంతోషంతో ఏడ్చింది.

మధ్యాహ్నానికి, లైటు వెలిగి నాలుగు గంటలయ్యాక, ఒక కొత్త చిగురు కొసన ఆవగింజంత వెండి బుడగ పుట్టింది. విడివడి పైకి పోయింది. దాని చోట ఇంకోటి. ఆ పక్క ఆకు మీద పది. చూస్తుండగానే తొట్టిలో ఈ చివర నుంచి ఆ చివరకు మొక్కలన్నీ సన్నటి దారాల్లా బుడగలు వదలసాగాయి. నేను గాజుకు ముఖం ఆనించాను.

"ఇదేంటి బావా?"

'వాటి దగ్గర్నుంచి మనకి. ప్రాణవాయువు,' అని రాశాడు.

నేను పాలిపోయిన ఆకులనే చూశాను ఇన్నాళ్లూ. వాటిలో ఇంత ఊపిరి దాగి ఉందని ఎవరనుకుంటారు? ముగ్గురం తొట్టి ముందు చూస్తూ కూర్చున్నాం.

ఆ తర్వాత బావ, కళ్లు తొట్టి మీదే ఉంచి, మెడ వెనక ముడి విప్పుకున్నాడు. రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. అక్క వైపు చెయ్యి చాచాడు. కాచి చల్లార్చిన నీళ్లూ మెత్తటి గుడ్డా నేనే తెచ్చిచ్చాను. అక్క గుడ్డ తడిపి పిండగానే బావ ఆమె చేతిని పట్టుకుని రంధ్రం అంచుకు తీసుకెళ్లాడు.

"నొప్పెడుతోందా?" అంది అక్క.

లేదని తలూపి, గడ్డం ఇంకాస్త పైకెత్తి కూర్చున్నాడు బావ.