మూడు దెబ్బలా, నాలుగా?

ఆగండాగండి, అప్పుడే బూట్లు తొడుక్కోకండి, ఇది విని వెళ్ళండి!

మా అమ్మ వాండాకి యాభై నాలుగేళ్ళు. ఇరవై రెండేళ్ళప్పుడు మిల్వాకీలో పంక్ బ్యాండులో పాడేది. పాడేది కాదు, అరిచేది. నిమిషం నలభై సెకన్ల పాట ఒకటుంది, మొదటి నుంచీ కేకలే. అమ్మమ్మ మీద కోపంతో రాసింది. నేను డ్రమ్ములు నేర్చుకున్నదే ఆ పాట క్యాసెట్టు పెట్టుకుని.

శనివారం మధ్యాహ్నం బౌలింగ్ హాలు కింద సెల్లారులో మా బ్యాండు షో. అమ్మ వచ్చి ఆ పాట పాడుతుందని ఊరంతా పోస్టర్లు అంటించేశాం. రెండు వందల మంది వచ్చారు! షికాగో నుంచి బ్యాండులకి టూర్లు కుదిర్చే ఆర్లీన్ అనే ఆవిడ కూడా వచ్చింది. ఆవిడకి నచ్చితే వేసవి అంతా మా బ్యాండు టూరే. నాకు ఇంకేమీ అక్కర్లేదు, ఆ టూరు చాలు.

ఇంకో పావుగంటలో మొదలనగా అమ్మ దిగింది, చంకలో అమ్మమ్మ కాన్సర్టీనాతో. రెండు చేతులతో సాగదీస్తూ, మూస్తూ వాయించే పెట్టె అది. శుక్రవారాలు చేపల వేపుడు పెట్టే బార్లలో ముసలాళ్ళు దాని పాటకే వాల్ట్జ్ ఆడతారు, మూడేసి దెబ్బల మెల్లని ఆట. ఒకప్పుడు ఆ చప్పుడు భరించలేకే అమ్మ కిటికీ దూకి పారిపోయేదట!

"అమ్మా, అదెందుకు తెచ్చావ్?"

"ఆ పాట దీని మీద పాడతా. మెల్లగా."

"పిచ్చా నీకు? సీసాలు విసురుతారు!"

"మా రోజుల్లో విసరకపోతే బాధపడేవాళ్ళమే."

గిటారు వాయించే డెజ్ పగలబడి నవ్వాడు. "వాండా, మీరు ముసలైపోయారు!"

"నువ్వూ అవుతావ్ లేరా. అప్పుడు నీ చంకలో ఏ పెట్టె ఉంటుందో చూస్తా."

నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. "ఒక్కసారి అరవమ్మా, నా కోసం."

"నిన్న వంటింట్లో అరిచి చూశానే. గొంతు వచ్చింది, కోపం రాలేదు. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది, ఇంకెవరి మీద అరవను?"

అంటూనే పెట్టె సాగదీసి రెండు వరుసలు వాయించింది. అదే పాట. అవే మాటలు. కానీ తిట్టులా లేదు, ఎవరినో పిలుస్తున్నట్టుంది. కిందికి చూస్తే నా కాలు తాళం వేస్తోంది! రెండో కాలితో దాన్ని తొక్కిపెట్టాను. పందొమ్మిదేళ్ళకే నాకు వాల్ట్జ్ ఏంటి?

"సరే, పాటకి ముందు లెక్క కొట్టేది నువ్వే కదా" అంది అమ్మ. "కర్రలతో నాలుగు కొట్టు, అరుస్తా, ఒట్టు. మూడు కొట్టి ఆగు, వాయిస్తా. నీ షో, నీ ఇష్టం."

స్టేజీ ఎక్కేశాం. దీపాలు. గోల. ముందు వరుసలో ఆర్లీన్, చేతులు కట్టుకుని. అమ్మ మైకు ముందు, పెట్టె పట్టీల్లో వేళ్ళు దూర్చి, నా వైపే చూస్తోంది. కళ్ళలో బెదిరింపూ లేదు, బతిమాలడమూ లేదు. ఏదో ఒకటి ఉన్నా బాగుండేది!

కర్రలెత్తాను. వేగంగానూ కాదు, మెల్లగానూ కాదు.

ఒకటి. రెండు. మూడు.

కర్ర గాల్లో ఉంది. మీరైతే నాలుగోది కొడతారా?