పోర్ట్ మోర్స్‌బీ నుంచి పిలుపు

ఎండుచేపల తలలు తుంచుతుండగా బావ ఫోన్ చేశాడు.

"కృపా, పాస్‌పోర్టు ఉన్నాది కదేటి? టిక్కెట్టు తీస్తన్నాను. వచ్చెయ్."

తొమ్మిదేళ్లుగా ఎదురుచూసిన మాట. మా ఆయన ధనరాజ్ నాకు మేనబావ. పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో ఒక సూపర్‌మార్కెట్‌కి స్టోర్‌కీపరు. పెళ్లయిన ఏడాదికే వెళ్లాడు. నన్నూ తీసుకెళ్లమంటే ఊరు మంచిది కాదనేవాడు. మా అత్త ఏసమ్మ "నువ్వెళ్తే నన్నెవలు సూస్తారే" అనేది. ఆవిడ కాళ్లకు నూనె రాస్తూ, ఆటోలో శ్రీకాకుళం ఆసుపత్రులకు తిప్పుతూ ముప్పై నాలుగేళ్లదాన్నయ్యాను. మొన్న జనవరిలో, జీతాల్లో కోతపడిందని అక్కడి పోలీసులు పని మానేశారు. జనం దుకాణాల మీద పడ్డారు. బావ వాళ్ల కొట్టు తగలబడింది. పక్క మేడ మీద దాక్కున్నానని మెసేజ్ పెట్టాడు. ఆ తర్వాత పదకొండు గంటలు ఫోన్ లేదు. చర్చివాళ్లు వచ్చి అత్త చుట్టూ కూర్చుని ప్రార్థన చేశారు. నేను అందరికీ టీలు కాచాను. నా పాదం మంచిది కాదని ఎవరో గొణిగారు.

ఆరు నెలలయింది. కొట్టు మళ్లీ లేస్తోంది. అంతవరకూ గుడారంలో బియ్యం, నూనె అమ్ముతున్నారట. చావుదాకా వెళ్లొచ్చాక మనిషికి నేను గుర్తొచ్చాననుకున్నాను. నాలుగు రోజులు ఆ ఊహతోనే తిరిగాను. అత్తను నౌపడలో ఆడపడుచు రాజకుమారి ఇంట్లో ఉంచడానికి ఒప్పించాను. రెండు జాకెట్లు కుట్టించుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఐదో రోజు బావ పెద్ద గిన్నెలు కొనమన్నాడు. ఎందుకని అడిగాను. గొడవలకు భయపడి పనివాళ్ల మెస్సు వంటవాడు దేశం వదిలి పోయాడట. గోడలు కట్టే మనవాళ్లు పద్నాలుగుమంది రొట్టెలు తినలేకపోతున్నారట. మీ ఆవిడను రప్పించమని ఓనరే అన్నాడట. ఇదంతా ఏ దాపరికమూ లేకుండా, మంచి కబురు చెప్పినట్టే చెప్పాడు.

మా వీధిలో పెళ్లిళ్లకు వండే ఎర్రన్న గుర్తొచ్చాడు. గల్ఫ్ వెళ్దామని పాస్‌పోర్టు తీయించుకుని, ఏజెంటు మోసం చేస్తే ఇంట్లో కూర్చున్నాడు.

"బావా, వంటకే అయితే ఎర్రన్న ఉన్నాడు. నాకన్నా బాగా వండుతాడు. నన్ను వంటకేనా రమ్మన్నావు?"

అవతల సుత్తుల చప్పుడు. కాదంటాడేమోనని చూశాను. ఆ ఒక్క ముక్క అని ఉంటే పద్నాలుగుమందికీ వండి పెట్టేదాన్ని.

"ఎర్రన్నయితే ఎప్పటికి రాగలడే?" అన్నాడు బావ.