బిగించిన చేయి గీయకూడదు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని ఆ షెడ్డుకి శాంతిప్రియ ప్రతి శుక్రవారం వచ్చేది. మూలన నిలబెట్టిన ర్యాలీ పందేల కారు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, బడిపిల్లల లెక్కల పుస్తకాలు దిద్దుకునేది. ఆమె భర్త నాగబాబు చివరిగా పనిచేసిన బండి అది. ఆ పని ముగిసిన మూడో వారం, 2021 మే నెలలో, అతను కోవిడ్‌తో పోయాడు.

బండి మీద అతని చేతి గుర్తులు మిగిలాయి. బిగించిన ప్రతి నట్టు మీద నుంచి బోల్టు మీదికి ఒక సన్నని పసుపు గీత. నట్టు ఆవగింజంత వదులైనా గీత రెండుగా విరిగి కనబడుతుంది. చాలామంది మెకానిక్కులు అలా గీస్తారు. నాగబాబు దానికి ఒక నియమం చేర్చాడు: బిగించిన చేయి గీత గీయకూడదు. తమ్ముడి వరసయ్యే సూరిబాబు బిగించేవాడు. నాగబాబు మళ్లీ పానా వేసి చూసి, అప్పుడు గీసేవాడు.

"నీ దగ్గరే నేర్చుకున్నా టీచరమ్మా. ఎవడి పరీక్ష వాడే దిద్దుకుంటే అందరికీ వందే" అని ఇంట్లో నవ్వేవాడు.

అతను పోయిన పదో నెలలో బండి యజమాని వచ్చాడు. ఏర్కి సాల్మెలా ఫిన్లండ్ మనిషి, యాభైకి దగ్గర పడ్డాడు, ఎడమ కాలు కాస్త ఈడుస్తాడు. "నోరు తెరిస్తే పెట్రోలు అయిపోద్దనుకుంటారండి ఆయన" అనేవాడు సూరిబాబు. ఆ రోజు కూడా ఏర్కి బండి చుట్టూ ఒకసారి తిరిగి, టైరు మీద కూర్చున్నాడు. చెప్పవలసింది సూరిబాబే చెప్పాడు.

"వదినా, వచ్చేవారం ఎడారి ర్యాలీకి వెళ్తారంటండి. ఇదే ఆఖరుదంట. బండి విప్పాలండి."

శాంతిప్రియ పుస్తకం మూసింది. "ఎంతవరకు?"

"అంతానండి. పది నెలలు కదలని బండి కదండీ. హబ్బులు, షాకబ్జార్బర్లు చూడకుండా పంపితే ఇసుక దిబ్బల్లో ప్రాణం మీదికొస్తది."

విప్పితే గీతలన్నీ పోతాయి. "వేరే బండి దొరకదా?" అంది ఆమె. సూరిబాబు ఏర్కి వైపు తిరిగాడు.

తెలుగు రాకపోయినా ఏర్కికి సంగతి అర్థమైంది. ఇంగ్లీషులో, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పడం మొదలుపెట్టాడు. పందొమ్మిదో ఏట మంచు అడవుల్లో ర్యాలీలు మొదలుపెట్టాడు, గెలిచాడు. తర్వాత యూరప్ రేసు సర్క్యూట్లలో పన్నెండేళ్లు నడిపాడు. ఒక మధ్యాహ్నం మలుపులో ముందు చక్రం ఊడి, బండి గోడకు కొట్టుకుంది. కాలు మూడు చోట్ల విరిగింది. మళ్లీ ఏ టీమూ పిలవలేదు. పిలిచినా ఎక్కలేకపోయేవాడే, ఎందుకంటే ఏ చక్రం మీదా నమ్మకం మిగల్లేదు. నలభై దాటాక ఈ ఎడారికి వచ్చాడు.

"ఈ చక్రాల్ని నమ్మమని మీ భర్త నాతో అనలేదు. చేతికి టార్చి ఇచ్చి, రోజూ పొద్దున నువ్వే చూసుకో అన్నాడు. చూసుకున్నాను. అయిదేళ్లు నడిపాను. ఆ అయిదేళ్లూ ఆయన ఇచ్చినవే. బండి నాది. గీతలు మీవి. మీరు వద్దంటే వెళ్లను."

ఆమె ముందు చక్రం వైపు చూసింది. ఎవరో ఒకరు పొద్దున్నే వంగి చూసుకోవడానికి గీసిన గీతలవి. పది నెలలుగా తను తప్ప వాటిని చూసినవాళ్లు లేరు.

"విప్పు సూరీ" అంది.

రెండు రోజులు విప్పి, మూడో రోజు బిగించారు. సూరిబాబు పసుపు పెయింటు పెన్ను అందుకోబోతే ఏర్కి చెయ్యి అడ్డం పెట్టాడు. సూరిబాబు నాలుక కరుచుకుని, పెన్ను తెచ్చి శాంతిప్రియకు ఇచ్చాడు.

"నాకేం తెలుసయ్యా?"

"పానా వేస్తే కదలకూడదు, అంతేనండి. కదిలితే సున్నా వేసేయండి. నేనేమీ అనుకోను."

ఆమె రెండింటికి సున్నా వేసింది. సూరిబాబు తల గోక్కుని మళ్లీ బిగించాడు. మొదటి గీత లావుగా పడింది. తర్వాతివి సన్నగా వచ్చాయి.

ర్యాలీ అయిన మర్నాడు బండి ఇసుక కొట్టుకుని తిరిగొచ్చింది. పదకొండో స్థానం. ఏర్కి టార్చి వెలిగించి ఎడమ ముందు చక్రం చూపించాడు. అక్కడ ఒక గీత తుడిచి, మళ్లీ గీసి ఉంది, వంకరగా.

"ర్యాలీ మూడో రోజు పొద్దున మీ గీత విరిగి కనబడింది. నేను బిగించాను. పక్కన కూర్చుని దారి చెప్పే నా నావిగేటర్ గీశాడు" అన్నాడు. "అక్కణ్ణించి ముందు నలభై కిలోమీటర్లు దిబ్బలే."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని మిగిలిన గీతలన్నీ వరసగా చూసింది. ఏదీ చెదరలేదు.

"ఈ వంకర గీతకి మార్కులు కొయ్యకండి వదినా" అన్నాడు సూరిబాబు. "మనిషి వెనక్కొచ్చాడు."

"కొయ్యను" అంది శాంతిప్రియ. లేచి, గోడ దగ్గరున్న రెండో కుర్చీ దులిపి ఏర్కికి వేసింది.