పంజగుట్ట వైపు దిగే ఉపగ్రహం

రేకు పెట్టడం, పెడల్ తొక్కడం, దభీమని చప్పుడు, మూత ఊడిపడటం. మళ్లీ రేకు. సనత్‌నగర్‌లోని చిన్న ఫ్యాక్టరీలో సాయిలు ఇన్నేళ్లుగా చేస్తున్న పని ఇదే, ప్రెస్సు మెషిన్ మీద డబ్బాలకు మూతలు కొట్టడం. ఊరంతా సాఫ్ట్‌వేర్ అని ఊగిపోతున్నా డబ్బాకు మూత కావాల్సిందే కదా!

పొట్టి మనిషి. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో నల్లబడి అలాగే ఉండిపోయింది. ఏం చెప్పినా ముందు నవ్వుతాడు, తర్వాత "ఆ?" అంటాడు.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ పెంటయ్య వచ్చి భుజం తట్టాడు. "ఎన్నిసార్లు పిలవాలె సాయిలన్నా? చెవిటోని ముందర శంఖం ఊదినట్టే ఉంది నీతోని!"

సాయిలు నవ్వేశాడు. చేతికి సెల్‌ఫోన్లు వచ్చాక జనం గొణగడం నేర్చారని అతని అభిప్రాయం.

ఈరోజు మనసు పనిలో లేదు. ఆకాశంలో ఒకటి చచ్చిపోతోంది, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

అదొక చిన్న ఉపగ్రహం. సాయంత్రంపూట అమీర్‌పేట మీదుగా పోతూ కీచు కీచుమని సంకేతం పంపుతుంది. పాత ఫోర్‌మన్ కామరాజు గారు రిటైరై రాజమండ్రి వెళ్లిపోతూ తన చేతి రేడియోను సాయిలుకు ఇచ్చి, దాన్ని పట్టడం నేర్పారు. దగ్గరికొస్తుంటే కూత సన్నగా, దూరమవుతుంటే లావుగా వినిపిస్తుంది, రైలు కూతలాగే. దాంతోపాటే మీట తిప్పుతూ పోవాలి. భార్య బుచ్చమ్మ పోయాక సాయిలును వేళకు వచ్చి పలకరించేది అదొక్కటే.

కొన్నాళ్లుగా ఆ గొంతు నీరసించింది. మీట తిప్పి లావు చేస్తేగానీ అందేది కాదు. ఇప్పుడు అలా చేసినా అందడం లేదు. "బ్యాటరీ చస్తే అవీ చస్తాయోయ్" అని కామరాజు గారు అప్పట్లోనే చెప్పారు. ఈ సాయంత్రం కూడా పలకకపోతే రేడియోను అటక మీద పెట్టేయాలని సాయిలు నిశ్చయించుకున్నాడు.

అమీర్‌పేటలో షేర్ ఆటో దిగి, కోచింగ్ సెంటర్ల జనంలోంచి దారి చేసుకుని, డాబా మీది తన గదికి చేరాడు. పాత టీవీ యాంటెన్నా కడ్డీలను ప్లాస్టిక్ పైపుకు బిగించిన యాంటెన్నా ఒక చేత్తో, రేడియో మరో చేత్తో పట్టుకుని సనత్‌నగర్ వైపు తిరిగి నిలబడ్డాడు. చేయి మెల్లగా పైకి లేపాడు, మణికట్టు తిప్పాడు. సౌండ్ పెంచాడు. ఇంకా పెంచాడు. ఏమీ లేదు.

పక్క బిల్డింగు లేడీస్ హాస్టల్. అక్కడుండే రవళి టీ గ్లాసుతో డాబా మీదికొచ్చి పిట్టగోడ దగ్గర నిలబడి ఏదో అంది. సాయిలు నవ్వాడు. ఆమె గొంతు పెంచింది.

"కాస్త సౌండ్ తగ్గించండి అంకుల్! ఎల్లుండి బెంగళూరులో ఇంటర్వ్యూ నాకు."

"ఏం సౌండు బిడ్డా?"

"ఆ కీచు కీచు! చెవులు చిల్లులు పడుతున్నాయండీ!"

సాయిలు కొయ్యబారిపోయాడు. బతికే ఉంది! ఒక్క క్షణం పట్టరాని సంతోషం. మరుక్షణమే ఇన్నేళ్ల ప్రెస్సు చప్పుడంతా గుర్తొచ్చింది. పోయింది అది కాదు, తన చెవులు.

"ఇంక జరసేపు ఉండు బిడ్డా. ఆ కూత వస్తున్నంతసేపు నాకు చెప్పు."

రవళి అతని ముఖం చూసింది. ఇక విసుక్కోలేదు. గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, రేడియో వైపు చెవి పెట్టి, కూత కూతకూ వేలు ఆడించింది. ఆ వేలు చూస్తూ సాయిలు యాంటెన్నాను నడినెత్తి మీదుగా పంజగుట్ట వైపు దించాడు. ఫ్లైఓవర్ దిక్కున వేలు ఆగిపోయింది.

"ఇక లేదు అంకుల్."

"రేపు సుత జర వింటవా?"

"రేపు పొద్దున్నే బస్సండీ. రూము ఖాళీ చేసేస్తున్నాను."

"మంచిది బిడ్డా. ఫికర్ చేయకు, నౌకరీ వస్తది."

ఆమె వెళుతూ ఇంకేదో అంది. వినపడినట్టే తల ఊపాడు.

మర్నాడు సాయంత్రం సాయిలు అదే చోట యాంటెన్నా ఎత్తి నిలబడ్డాడు. అది పోయే దారి చేతికి తెలుసు. రేడియో మాత్రం పెట్టలేదు, ఎవరికో ఇబ్బంది ఎందుకని. పక్క డాబా మీద ఎవరూ లేరు. పిట్టగోడ మీద రవళి మరిచిపోయిన స్టీలు గ్లాసు, అడుగున ఎండిన టీ చుట్టూ చీమలు.